చందమామ మెట్టనేల

ఎండాకాలం చివర్లో ఒక సాయంత్రం మైపాడు తీరాన ఇసుకలో కూర్చుని ఉండగా చినుకులు మొదలయ్యాయి. వాన అని చెప్పుకునేంత వాన కాదు. లావుపాటి చినుకులు దూరదూరంగా పడి ఐదు నిమిషాల్లో తెరిపిచ్చాయి. లేచి పోయేముందు చూస్తే పొడి ఇసుక మీద ప్రతి చినుకూ ఒక గుంత చేసి పోయింది. మధ్యలో లోతు, చుట్టూ సన్నటి గట్టు, గట్టు దాటి చిమ్మిన నాలుగు రేణువులు. కొన్నిచోట్ల గుంత మీద గుంత పడి పాతదాని గట్టు సగం కూలింది. కిందికి, అలలు వచ్చిపోయే చోట మాత్రం ఒకటీ అరా గుంతలే. అక్కడా చినుకులు పడ్డాయి. పడ్డవాటిని అల తుడిచేసింది, ఆ తర్వాత పడ్డవే మిగిలాయి.

చందమామ ముఖం చదవడం ఎలాగని ఎవరైనా అడిగితే నేను ఆ ఇసుకే చూపిస్తాను.

మనవాళ్లకు చంద్రుడిలో కనబడేది కుందేలు. శశాంకుడనే పేరు అలా వచ్చిందే. కొన్ని ఇళ్లల్లో అది చెట్టు కింద కూర్చున్న పేదరాసి పెద్దమ్మ. కుందేలైనా పెద్దమ్మైనా ఆ బొమ్మ గీసినవి నల్లమచ్చలే. తొలినాళ్లలో దుర్భిణితో చూసిన యూరప్ పండితులు ఆ మచ్చలను నీళ్లనుకుని సముద్రాలని పేరు పెట్టారు. అక్కడ నీళ్లు లేవు. పెద్దపెద్ద పళ్లేల్లాంటి పల్లాల్లోకి లావా పొంగి గడ్డకట్టిన బల్లపరుపు నేలలవి. చాలావరకు 300 కోట్ల ఏళ్లకు పైబడిన లావా. అయినా చంద్రుడి లెక్కలో అది అల తుడిచిన ఇసుక కిందే జమ. పాతది తెలుపు. కుందేలు చుట్టూ ఉన్న తెలుపు, మనం బొమ్మలో ఎప్పుడూ కలపని తెలుపు.

ఆ తెల్లటి భాగాన్ని ఏమని పిలవాలి? పుస్తకాల్లో ఉన్నతభూములు అని రాస్తున్నారు. నెల్లూరు జిల్లాలో దీనికి వాడుకలోనే మాట ఉంది. పెన్నా కాలువల కింద వరి పండేది డెల్టా. ఉదయగిరి, ఆత్మకూరు, పొదలకూరు వైపు నేలెత్తి, రాళ్లు తేలి, వానకు ఎదురు చూసేది మెట్ట. చంద్రుడికీ పల్లం, మెట్ట ఉన్నాయి. మనకు కనబడే వైపు మూడో వంతుకు కాస్త తక్కువ పల్లం, తక్కినదంతా మెట్ట. ఆ మెట్టలో ఉల్కలు చేసిన గుంతలు ఎంత దట్టంగా ఉంటాయంటే, ఇక కొత్త గుంతకు ఖాళీ నేల లేదు. కొత్తది పుట్టాలంటే పాతది చావాలి. ఆ రోజు మైపాడులో చినుకులు ఇంకో అరగంట పడి ఉంటే పొడి ఇసుకకూ అదే గతి పట్టేది. ఎన్ని పడ్డా గుంతల లెక్క పెరగని స్థితి వస్తుంది. వయసు లెక్కగట్టే శాస్త్రజ్ఞుడికి అక్కడ చేతులు కట్టేసినట్టే. ఇది చాలా పాతదని చెప్పగలడు, ఎంత పాతదో గుంతలు లెక్కపెట్టి చెప్పలేడు. దానికి రాయి కావాలి.

ఆ రాయి కబురు తేవడానికి బండి బయల్దేరింది మన తీరం నుంచే. 2023 జులై 14, మధ్యాహ్నం 2:35. శ్రీహరికోట రెండో ప్రయోగ వేదిక మీద నుంచి ఎల్‌వీఎం-3 రాకెట్టు చంద్రయాన్-3ను ఎత్తుకుని లేచింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు సూళ్లూరుపేట, శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి పోయాయి. మ్యాపు మారింది గానీ మాట మారలేదు, ఈ ప్రాంతానికి శ్రీహరికోట ప్రయోగ కేంద్రం ఇప్పటికీ నెల్లూరు షారే. ఒకపక్క పులికాట్, ఒకపక్క బంగాళాఖాతం, మధ్య సన్నటి ఇసుకదీవి. సూళ్లూరుపేట మేడల మీద నిలబడి చూసేవాళ్లకు ముందు నిప్పు కనబడుతుంది, తర్వాత పొగ నిలువెత్తున లేస్తుంది, చప్పుడు మాత్రం నిమిషానికి కాస్త అటూఇటూగా వస్తుంది. అప్పటికి రాకెట్టు సముద్రం మీదుగా చాలా దూరం పోయి ఉంటుంది.

నలభై రోజుల తర్వాత, ఆగస్టు 23 సాయంత్రం 6:04కు చంద్రయాన్-3 ల్యాండర్ విక్రమ్ చంద్రుడి మీద దిగింది. పంచాంగం ప్రకారం నిజ శ్రావణ శుద్ధ సప్తమి. టీవీ కట్టేసి బయటికొచ్చిన వాళ్లకు దక్షిణాన అర్ధచంద్రుడు అందుబాటులోనే ఉన్నాడు. దిగింది అతని కింది అంచు దగ్గర, మాంజినస్-సి, సింపీలియస్-ఎన్ అనే రెండు గుంతల మధ్య. మన పత్రికలన్నీ దక్షిణ ధ్రువం అని రాశాయి. నిజానికి ఆ చోటు 69 డిగ్రీల దక్షిణ అక్షాంశం మీద ఉంది. ధ్రువం అక్కడికి ఇంకో 600 కిలోమీటర్ల పైమాటే, నెల్లూరు నుంచి విశాఖపట్నం పోయినంత దూరం. ధ్రువం అనడంలో ఉత్సాహం ఉంది, అర్థం చేసుకోవచ్చు. నాకు మాత్రం అసలు విశేషం ఇంకొకటి. అపోలో వాళ్లు దిగిన చోట్లన్నీ మధ్యరేఖకు అటూఇటూ ఉన్నవే. అంత దక్షిణాన, పాత మెట్టనేల మీద నిలబడి మట్టిని పరీక్షించిన యంత్రం అంతకుముందు లేదు.

యంత్రం అంటే ప్రజ్ఞాన్ రోవర్, 26 కిలోల ఆరు చక్రాల బండి. దానికి ఒక చిన్న చెయ్యి, చేతి చివర అహ్మదాబాద్ భౌతిక పరిశోధనశాల తయారుచేసిన ఏపీఎక్స్ఎస్ పరికరం. దాని పని తెలియాలంటే ఏదైనా బంగారం కొట్టుకు పోండి. పాత గొలుసు మార్చుకోబోతే ఇప్పుడు గీటురాయి మీద గీయడం లేదు, ఒక పెట్టెలో పెట్టి మూతేస్తున్నారు. లోపల ఎక్స్‌రే తగలగానే గొలుసులోని ప్రతి మూలకం తనకే ప్రత్యేకమైన ఎక్స్‌రేను తిరిగి విడుస్తుంది. బంగారం ఒకలా పలుకుతుంది, రాగి ఒకలా, వెండి ఒకలా. పెట్టె ఆ పలుకులు విని వందలో ఎంత బంగారమో తెర మీద చూపిస్తుంది. ప్రజ్ఞాన్ చేతిలో ఉన్నదీ అలాంటి పెట్టే. కాకపోతే అక్కడ కరెంటుతో పుట్టించిన ఎక్స్‌రే బదులు క్యూరియం-244 అనే రేడియోధార్మిక పదార్థం ఉంది. అది విడిచే ఆల్ఫా కణాలు మెగ్నీషియం, అల్యూమినియం లాంటి తేలిక మూలకాలను కదిలిస్తాయి, ఎక్స్‌రేలు ఇనుము లాంటి బరువువాటిని. చెయ్యి కిందికి వంచి, మట్టికి దగ్గరగా పట్టుకుని, పలుకులు తగినన్ని చేరేదాకా కదలకుండా ఉండాలి. అక్కడ పగలు మన లెక్కలో పద్నాలుగు రోజులే. ఆ గడువులో 103 మీటర్ల దారి పొడవునా 23 చోట్ల బండి అలా ఆగి వంగింది.

ఆ లెక్కలు 2024 ఆగస్టులో నేచర్ పత్రికలో వచ్చాయి. సంతోష్ వడవలే బృందం రాసిన పత్రం అది. 23 చోట్లా మట్టి దాదాపు ఒకటే. ఆ పోలికలున్న రాయి పేరు అనార్థొసైట్.

పేరు నోరు తిరగకపోయినా రాయి సులువైంది. దాని నిండా, వందకు తొంభై పాళ్లు, ప్లేజియోక్లేజ్ అనే ఒకే ఫెల్డ్‌స్పార్ ఖనిజం ఉంటుంది. చంద్రుడి మీద ఆ ఖనిజంలో కాల్షియం, అల్యూమినియం, సిలికాన్, ఆక్సిజన్ తప్ప ఇంకేదీ పెద్దగా లేదు. సున్నంలోని కాల్షియం, గిన్నెల్లోని అల్యూమినియం. ఇంత మామూలు సరుకుతో చేసిన రాయి చంద్రుడి మెట్టంతా పరచుకుని ఎందుకుంది? ఒకే ఖనిజం, అదీ అంత మేర, వేరే వాటితో కలవకుండా ఎలా పేరుకుంది?

దీనికి జవాబు నెల్లూరు చేపల పులుసులో ఉంది. పులుసు దించి పక్కన పెట్టాక, ఉడుకు తగ్గేకొద్దీ నూనె పైకి తేలుతుంది, మసాలా గసి అడుక్కు దిగుతుంది. కదపకుండా రాత్రంతా ఉంచితే పొద్దుటికి పైన ఎర్రటి నూనె తెట్టు నిలుస్తుంది. చంద్రుడు పుట్టినప్పుడు, అంటే సుమారు 450 కోట్ల ఏళ్ల కిందట, అతనూ ఒక ఉడుకుతున్న దాక. పసిభూమిని అంగారకుడంత గోళం ఒకటి ఢీకొట్టగా ఎగిరిన శకలాలు కలిసి చంద్రుడైనాడని ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే కథ. ఆ వేడికి వందల కిలోమీటర్ల లోతున రాయంతా కరిగి ద్రవంగా ఉంది. చల్లారేటప్పుడు ముందుగా గడ్డకట్టింది ఇనుము, మెగ్నీషియం ఉన్న బరువైన ఖనిజాలు, అవి మునిగాయి. ముప్పాతిక వంతు గడ్డకట్టాక ప్లేజియోక్లేజ్ స్ఫటికాలు పుట్టడం మొదలైంది. మిగిలిన ద్రవం కంటే అవి తేలిక. తేలాయి, ఒకదానికొకటి అతుక్కున్నాయి, తెట్టు కట్టింది. ఆ తెట్టే తెల్లటి మెట్ట. ఇవాళ చంద్రుడి పైపొర సగటు మందం 34 నుంచి 43 కిలోమీటర్లని గ్రెయిల్ వ్యోమనౌకల కొలతలు చెప్పాయి.

పోలిక ఒక్కచోట తప్పుతుంది, చెప్పకపోతే మోసమవుతుంది. నూనె మొదట్నుంచీ నూనెగానే ఉంటుంది, ఊరికే పైకి వస్తుంది. ప్లేజియోక్లేజ్ మొదట లేదు, చల్లారుతుంటే పుట్టి తేలింది. 

ఈ ఆలోచన ఎవరికి ఎలా తట్టిందో చూస్తే ముచ్చటేస్తుంది. 1969లో అపోలో-11 దిగింది మెట్టలో కాదు, నల్లటి పల్లంలో. తెచ్చిన మట్టి నల్లదే. దాన్ని జల్లించి చూస్తుంటే నల్లటి రేణువుల మధ్య అక్కడక్కడ తెల్లటి పలుకులు కనబడ్డాయి, బియ్యంలో తెల్లరాళ్లలా. మనమైతే ఏరి పారేస్తాం. జాన్ వుడ్ అనే శాస్త్రజ్ఞుడి బృందం ఏరి దాచిపెట్టింది. ఇవి ఇక్కడివి కావు, దూరాన మెట్ట మీద ఉల్కలు పడినప్పుడు చిమ్మి వచ్చినవని ఊహించింది. మెట్టంతా ఇదే రాయైతే అది తేలి ఉండాలి, తేలాలంటే చంద్రుడు కరిగి ఉండాలి. 1970లో ఆ బృందమూ, విడిగా జోసెఫ్ స్మిత్ బృందమూ ఈ మాటే చెప్పాయి. చిటికెడు తెల్లపలుకుల మీద కట్టిన మాట! మరుసటేడు, 1971 ఆగస్టు 1న, అపోలో-15 యాత్రికులు స్కాట్, ఇర్విన్ స్పర్ అనే గుంత అంచున మట్టిదిబ్బ మీద మెరుస్తున్న తెల్లరాయి ఏరారు. బరువు 269 గ్రాములు, పావుకిలోకు కాస్త ఎక్కువ. దాదాపు అంతా అనార్థొసైట్. పత్రికలు దానికి జెనెసిస్ రాక్, అంటే సృష్టి రాయి, అని పేరు పెట్టాయి.

సరిగ్గా ఆ ఏడాదే, రెండు నెలలు దాటగానే, అక్టోబరు 9న శ్రీహరికోట నుంచి మొట్టమొదటి రాకెట్టు లేచింది. రోహిణి-125. మూరల్లో కొలవదగ్గ మొలక రాకెట్టు. అక్కడ సృష్టి రాయి పెట్టె దిగింది, ఇక్కడ మనం అక్షరాభ్యాసం చేస్తున్నాం.

ఇక మన జిల్లా రాళ్ల సంగతి. పొదలకూరు వైపు రాళ్లు చూద్దామని పోతే టీకొట్టు దగ్గర ఒక పెద్దాయన పలకరించాడు.

"తెల్లరాయికేనా సార్ వచ్చింది?"

"కాదు పెద్దాయనా, చందమామ మీదుండే రాయికి."

"అది ఈడ యాడుండాది?"

ఆయన అనుమానంలో న్యాయముంది. నెల్లూరులో తెల్లరాయంటే క్వార్ట్జ్, పలుగురాయి. లారీలకెత్తి పోతున్నది అదే. చిల్లకూరు, కోట వైపు తీరంలో పంచదారలా మెరిసే సిలికా ఇసుక కూడా ఆ జాతే. చంద్రుడి మీద మాత్రం క్వార్ట్జ్ చాలా అరుదు. ఆ తెలుపు వేరు, ఈ తెలుపు వేరు. తేడా పట్టుకోవాలంటే గూడూరు, సైదాపురం వైపు పాత అభ్రకం గనుల దగ్గర పారబోసిన రాళ్లగుట్టలు మంచి బడి. పలుగురాయి పగిలితే గాజుపెంకులా వంకరటింకరగా, నున్నగా చీలుతుంది. పక్కనే మీగడ రంగులోనో లేత గులాబి రంగులోనో ఇంకో రాయి దొరుకుతుంది. దాన్ని చేతిలో పట్టుకుని ఎండలో నెమ్మదిగా తిప్పండి. ఒక కోణం దగ్గర ముఖం మొత్తం ఒక్కసారి అద్దంలా తళుక్కుమంటుంది, వేలు కదిపితే ఆరిపోతుంది. చదునైన పలకలుగా చీలడం ఫెల్డ్‌స్పార్ గుణం. ఈ గనుల్లో దొరికేది పొటాషియమో సోడియమో ఉన్న రకం. చంద్రుడి మెట్టది కాల్షియం రకం. ఒకే ఇంటి పేరు, వేరే కొమ్మ.

అదే గుట్టలో చేతికి అంటుకునే అభ్రకం పొరలు చంద్రుడి మీద దొరకవు. ఎంత ఎండబెట్టినా అభ్రకం అల్లికలో హైడ్రోజన్, ఆక్సిజన్ జంటగా, నీటి తాలూకు ముక్కగా ఇరుక్కుని ఉంటాయి. నీళ్లు లేని కరుగులో అభ్రకం పుట్టదు. అపోలో తెచ్చిన రాళ్లలో అభ్రకమూ బంకమట్టీ కనబడకపోవడం చూసే చంద్రుడు ఎముకలా ఎండిపోయాడని అప్పట్లో అనుకున్నారు. పూర్తిగా ఎండిపోలేదని, పైమట్టిలో నీటి జాడ ఉందని 2009లో బయటపెట్టింది మళ్లీ శ్రీహరికోట నుంచి పోయిన చంద్రయాన్-1 మీది పరికరమే. ఆ జాడ వేరు, అభ్రకం పుట్టించేంత నీరు వేరు.

పెద్దాయనకు నేను చెప్పిన జవాబు ఇనుకుర్తి. పొదలకూరు మండలంలోని ఆ ఊరి పేరు భూగర్భ శాస్త్రజ్ఞుల పత్రాల్లో కనబడేది అనార్థొసైట్ వల్లనే. నెల్లూరు షిస్ట్ బెల్ట్ అని వాళ్లు పిలిచే పాతరాళ్ల పట్టీలో ఇనుకుర్తి అనార్థొసైట్ ఒక భాగం. అంటే చంద్రుడి మెట్టనేల జాతి రాయి నెల్లూరు మెట్టలోనూ ఉంది. అయితే పుట్టుక ఒకటి కాదు. భూమి పెద్దది, లోతుకు పోయేకొద్దీ ఒత్తిడి గబగబా పెరుగుతుంది. ఆ ఒత్తిడిలో అల్యూమినియాన్ని గార్నెట్ లాంటి వేరే ఖనిజాలు మింగేస్తాయి, తేలడానికి ప్లేజియోక్లేజ్ మిగలదు. కాబట్టి మనకు భూమంతా కప్పిన తెల్ల తెట్టు లేదు. పైపొర కింద చిన్నచిన్న కరుగు గదుల్లో స్ఫటికాలు వేరుపడి పేరుకున్న చోట్ల మాత్రం అనార్థొసైట్ ముద్దలుగా దొరుకుతుంది. 

ఈ బంధుత్వాన్ని ఇస్రో పనికి పెట్టుకుంది. చంద్రుడి మెట్ట మీద దిగాల్సిన కాళ్లను, తిరగాల్సిన చక్రాలను ముందుగా ఎక్కడ పరీక్షించాలి? తమిళనాడు నామక్కల్ జిల్లాలో సిత్తంపూండి, కున్నమలై అనే ఊళ్ల దగ్గర కాల్షియం దండిగా ఉన్న అనార్థొసైట్ ఉంది, చంద్రుడి రాయికి మరీ దగ్గర చుట్టం. దాన్ని తెచ్చి, పొడిగొట్టి, చంద్రుడి మట్టిలో రేణువులు ఏ పరిమాణంలో ఎన్ని పాళ్లుంటాయో ఆ కొలతకు జల్లించి కలిపారు. సుమారు 50 టన్నులు. బెంగళూరులో ఆ మట్టి పరిచి రోవర్‌ను నడిపించారు. ఆ మట్టి తయారీ పద్ధతికి 2020లో పేటెంటు కూడా వచ్చింది. మన పిండిమర తెలివి ఎక్కడికైనా పనికొస్తుంది.

ప్రజ్ఞాన్ లెక్కల్లో ఒక్క అంకె మాత్రం తెట్టు కథకు కాస్త ఎక్కువైంది. మెగ్నీషియం. పైన తేలిన శుద్ధమైన అనార్థొసైట్‌లో ఉండాల్సిన దానికంటే ఎక్కువ కనబడింది. మెగ్నీషియం అడుక్కు దిగిన గసి సరుకు కదా, పైకెలా వచ్చింది? గరిటె పెట్టి ఎవరు కలిపారు?

కలిపినవాడి జాడ దగ్గర్లోనే ఉంది. విక్రమ్ దిగిన చోటికి 350 కిలోమీటర్ల దూరాన దక్షిణ ధ్రువ-ఐట్కెన్ పళ్లెం అంచు మొదలవుతుంది. చంద్రుడి అవతలి వైపు పరచుకున్న ఆ గుంత వెడల్పు 2,500 కిలోమీటర్లు. కశ్మీరు నుంచి కన్యాకుమారికి గీత గీస్తే అందులో ముప్పాతిక పైగా ఒక్క గుంతలో పడుతుంది. చైనా చాంగె-6 ఆ పళ్లెం నుంచి తెచ్చిన రాళ్లను బట్టి ఆ దెబ్బ 425 కోట్ల ఏళ్ల నాటిదని లెక్కగట్టారు. తెట్టు గట్టిపడి ఎంతో కాలం కాకముందే పడ్డ దెబ్బ. అది తెట్టును చీల్చుకుని అడుగుదాకా తవ్వి, మెగ్నీషియం ఉన్న లోపలి సరుకును చుట్టూ చిమ్మింది. విక్రమ్ కాళ్ల కిందికి ఆ ఒక్క దెబ్బే 1,400 మీటర్ల మందాన శకలాలు పోసిందని అహ్మదాబాద్ వాళ్ల అంచనా. మైపాడు ఇసుకలో గట్టు దాటి చిమ్మిన నాలుగు రేణువులు గుర్తున్నాయి కదా, ఇవి అవే.

ఆ శకలాల కింద ఇంకో సంగతి దొరికింది. ప్రజ్ఞాన్ కెమెరా చిత్రాలు, పైనుంచి ఇప్పటికీ తిరుగుతున్న చంద్రయాన్-2 చిత్రాలు కలిపి చూస్తే, విక్రమ్ ఉన్న చోటు 160 కిలోమీటర్ల వెడల్పున్న మరో గుంత లోపల ఉన్నట్టు తేలింది. ఐట్కెన్ పళ్లెం కంటే అది పాతది. గట్టు అరిగి, శకలాల కింద పూడుకుపోయి, ఉందో లేదో అన్నట్టు మిగిలింది. మెట్టనేలలో గుంత మీద గుంత అనడం తేలిక. ఇక్కడ ఒకటి ఇంకోదాన్ని దాదాపు కిలోమీటరున్నర లోతున పాతిపెట్టింది.

మెట్టను కళ్లారా చూడాలంటే పౌర్ణమి పనికిరాదు. ఆ రోజు ఎండ నడినెత్తిన పడి నీడలుండవు, మధ్యాహ్నం పూట మట్టిరోడ్డు మీద టైరు గాడి కనబడనట్టే. తెలుపు కూడా మన కంటి భ్రమే. చంద్రుడి నేల సగటున వందకు పన్నెండు పాళ్ల వెలుగే తిప్పి పంపుతుంది, వెలిసిన తారురోడ్డు పాటి. చుట్టూ ఆకాశం నల్లగా ఉండబట్టి వెన్నెలైంది. శుద్ధ సప్తమి నుంచి నవమి దాకా మంచి అదను. పొద్దుగూకాక మేడ మీదికి పోయి, బైనాక్యులర్ పట్టుకుని, మోచేతులు పిట్టగోడకు ఆనించండి. వెలుగుకూ చీకటికీ మధ్య గీత వెంట చూపును కిందికి జార్చుకుంటూ పోతే, నున్నటి పల్లాలు అయిపోయి ఒక్కసారిగా నేలంతా కందిరీగ తుట్టెలా మారుతుంది. నవమి నాడు ఆ గీత దగ్గరే క్లావియస్ తగులుతుంది, 220 కిలోమీటర్ల పైబడిన గుంత. చిన్న టెలిస్కోపు ఉంటే దాని లోపల ఒకదాని తర్వాత ఒకటి చిన్నదవుతూ వంపు తిరిగిన గుంతల వరుస కూడా చూడొచ్చు. ఇంకా కిందికి, కుడిపక్క అంచుకు దగ్గర్లో గుంతలు గుండ్రంగా ఉండవు. ఏటవాలుగా చూస్తున్నాం కాబట్టి నొక్కేసిన కోలగుడ్లలా కనబడతాయి. వాటిలో ఒకటి మాంజినస్, వెడల్పు వంద కిలోమీటర్ల దాకా. విక్రమ్ దానికి కాస్త కిందుగా, కుడిగా ఉంది.